తిరుపతి ఎండకు సరిపోయిన బొమ్మ కెమెరా: కొడాక్ ఎక్టార్ హెచ్35

రీలు కెమెరాతో ఫొటోలు నేర్చుకోవాలనుకునే వాళ్లు నన్నడిగితే చెప్పేది ఒకటే. 35 ఎంఎం రీలు పట్టేది, ఫ్లాష్ ఉన్నది, హాఫ్ ఫ్రేమ్‌ది (ఒక ఫొటో పట్టే చోట రెండు తీసేది) కొనండి. చాలాకాలంగా నా సంచిలో ఉంటున్న ఎక్టార్ హెచ్35 అలాంటిదే. పేరు కొడాక్‌దే గానీ చేసింది హాంకాంగ్‌కు చెందిన రెటో ప్రాజెక్ట్, 2022లో వచ్చింది. చూడ్డానికి ఆటబొమ్మలా ఒళ్లంతా ప్లాస్టిక్, బరువు నూరు గ్రాములు.

ఇందులో మనం మార్చగలిగింది దాదాపు ఏమీ లేదు. అపర్చర్, అంటే వెలుతురు లోపలికొచ్చే రంధ్రం, ఎఫ్/9.5 (ఈ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది), షట్టర్ తెరుచుకుని ఉండేది సెకనులో నూరో వంతు, ఫోకస్ కూడా కదలదు. లెన్సు చుట్టూ ఉన్న రింగు తిప్పితే ఫ్లాష్ వెలుగుతుంది, అంతే. ఇక మన చేతిలో మిగిలేవి ఏ రీలు వేస్తాం, ఏ వెలుతురులో నిలబడతాం అన్న రెండే. కొత్తవాళ్లకు ఇదే మంచిదని నా గట్టి నమ్మకం. వెలుతురును చూడడం ముందు అలవాటవుతుంది.

లెక్క చెబుతాను. రీలు వెలుతురును ఎంత చురుగ్గా పడుతుందో చెప్పే అంకె ఐఎస్ఓ. నిండు ఎండలో 200 ఐఎస్ఓ రీలుకు ఎఫ్/16, సెకనులో 200వ వంతు సరిపోతుందన్నది పాత సూత్రం. ఈ కెమెరా అంతకన్నా రెండున్నర స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపు) ఎక్కువ వెలుతురు లోపలికి పోనిస్తుంది. కలర్ నెగటివ్, అంటే ప్రింట్లు వేయించుకునే మామూలు రంగు రీలు, దాన్ని తట్టుకుంటుంది. కడిగితే నేరుగా అసలు రంగుల బొమ్మే వచ్చే స్లైడ్ రీలు తట్టుకోదు, ఇందులో వెయ్యకండి. కొడాక్ గోల్డ్ 200 కలర్ రీలు వేసుకుని గాంధీ రోడ్డు ఎండలో తీసి, అదే రీలుతో పక్క సందు నీడలోకి వెళ్లినా బొమ్మ చక్కగా వస్తుంది. 400 రీలు కావాల్సింది కార్తీకమాసంలో ముసురు పట్టినప్పుడు, లేదా ఫ్లాష్ ఎక్కువగా వాడాల్సినప్పుడు. పొద్దు గుంకాక ఫ్లాష్ లేకుండా ఏదీ ఆశించొద్దు.

కొండ మన ఊరికి ఉత్తరాన ఉంది కదా. సంక్రాంతి రోజుల్లో పొద్దు దక్షిణంగా నడుస్తుంది, కొండవైపు తిరిగి నిలబడితే ఎండ మన వీపున పడుతుంది. ఆ ఎర్ర బండలు అప్పుడు ఎంత బాగా వస్తాయో! కానీ లెన్సు 22 ఎంఎం, వెడల్పుగా చూస్తుంది, కంటికి అంత పెద్దగా కనబడే కొండ ఫొటోలో కుంచించుకుపోతుంది. ముందు ఒక పూలబండో మనిషో ఉండాలి. అంచులు కాస్త మెత్తబడతాయి కాబట్టి ముఖ్యమైనది నడిమధ్యన పెట్టుకోండి.

ఈ కెమెరా విలువ నాకు పూర్తిగా తెలిసింది మన ఊళ్లో భక్తులు రోజుకో వేషం కట్టే గంగజాతరలో. బైరాగి వేషానికి ఒంటినిండా తెల్లసుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గుపొడి. బొగ్గు పూసుకున్న ఒళ్లు నీడలో నల్లముద్దగా పోతుంది, పట్టపగలైనా ఫ్లాష్ వేస్తే మెడలోని వేపాకు రెమ్మలు విడివిడిగా తేలుతాయి. రెండు బారల దూరం దాటితే మాత్రం ఆ ఫ్లాష్ అందదు. మూడు నాలుగు అడుగులకన్నా దగ్గరికి పోతే ముఖం మసక. తోటి వేషం కట్టిన పిల్లోడొకడు “అన్నా, ఏదీ చూపించు!” అని కెమెరా వెనక్కి వచ్చి చూశాడు. అక్కడ తెర లేదు. “కడిగించినాక చూపిస్తా రా” అన్నాను. వాళ్ల వీధి గుర్తు పెట్టుకుని ప్రింటు తీసుకెళ్లి ఇచ్చాను, వాళ్లమ్మ దాన్ని దేవుడి పటాల పక్కన పెట్టింది.

హాఫ్ ఫ్రేమ్ అంటే 36 ఫొటోల రీలుకు 72 వస్తాయి. రీలు ధర ఇప్పుడున్న తీరు చూస్తే నేర్చుకునేవాళ్లకు ఇది పెద్ద ఊరట. కెమెరాను మామూలుగా పట్టుకుంటే నిలువు ఫొటో వస్తుంది, దానికి అలవాటు పడాలి. ఇంకో అందం, స్కానింగ్‌లో రెండు ఫొటోలు పక్కపక్కన ఒకే బొమ్మగా తీయించుకోవచ్చు. అంబలి పోస్తున్న చేయి, దాని పక్కనే దోసిలి పట్టిన ముసలమ్మ. చంద్రగిరి రాజమహల్ తోరణం, దాని పక్కన ఆ నీడలో కునుకు తీస్తున్న కుక్క. నేను ఇప్పుడు జంటగానే ఆలోచించి తీస్తున్నాను. రెండు బొమ్మల మధ్య కథ కూర్చడం ఈ కెమెరాయే నేర్పింది.

ఇలాంటిదే ఇంకో ప్లాస్టిక్ కెమెరా, హోల్గా సంగతి అందరూ అడుగుతారు. 1982లో హాంకాంగ్‌లో పుట్టిన కెమెరా, 35 ఎంఎం కన్నా వెడల్పైన 120 రీలు, చదరపు ఫ్రేములైతే 12 మాత్రమే. దాని మూలల చీకటి, మెత్తదనం నాకూ ఇష్టమే. అయితే రీలు తిప్పకుండానే మళ్లీ నొక్కినా షట్టర్ పడుతుంది, వెనకనున్న ఎర్ర కిటికీలో అంకె చూసుకుంటూ తిప్పాలి. రెండో కెమెరాగా కొనుక్కోండి.

నేను రీళ్లు కడిగించేది చెన్నైలో. 72 నిండడానికి నెలలు పడుతుంది, ఆలోగా కెమెరాను ఎండలో ఆపిన కారులో, బైకు డిక్కీలో వదలకండి, వేడికి రంగులు చెడతాయి. ఎక్టార్‌లో రీలు జరిపే చక్రం బిగిసిందంటే బలవంతంగా తిప్పకుండా, అడుగున బటన్ నొక్కి వెనక్కి చుట్టేయండి. వాడనప్పుడు బ్యాటరీ తీసేయండి. ల్యాబ్‌కు పంపేటప్పుడు హాఫ్ ఫ్రేమ్ అని డబ్బా మీద రాయండి, నెగటివ్‌లు వెనక్కి కావాలని కూడా ముందే చెప్పండి.