కోకా సుబ్బారావు, కృష్ణయ్యర్: పౌరుడికి ఎవరి దారి మేలు?

దోపిడీ కేసులో 1941లో పట్టుబడి, సాక్ష్యం లేక విడుదలైన ఖరక్ సింగ్ మీద ఉత్తరప్రదేశ్ పోలీసులు హిస్టరీ షీటు (నిఘాలో ఉంచాల్సిన వ్యక్తి గురించి పోలీసులు రాసుకునే రికార్డు) తెరిచారు. ఊరి చౌకీదారు, ఒక్కోసారి కానిస్టేబుళ్లు రాత్రివేళ వచ్చి తలుపు బాది, కేకలు వేసి తనను నిద్ర లేపుతున్నారని ఆయన సుప్రీంకోర్టుకు మొరపెట్టుకున్నారు. 1962 డిసెంబరులో ఆరుగురు సభ్యుల ధర్మాసనంలో మెజారిటీ ఆ రాత్రి రాకపోకలను మాత్రం కొట్టివేసి, మిగతా నిఘాను ఉండనిచ్చింది. రాజమండ్రికి చెందిన, ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన కోకా సుబ్బారావు అదే ధర్మాసనంలో ఉండి, జస్టిస్ షాతో కలిసి ఆ నిఘాకు ఆధారమైన పోలీసు నిబంధన మొత్తం చెల్లదన్నారు. పోలీసు కన్ను నిరంతరం వెన్నంటి ఉన్న మనిషి నడవగలిగినంత మాత్రాన స్వేచ్ఛగా తిరుగుతున్నట్టు కాదని, ఏకాంతం వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమేనని ఆయన తర్కం. గోప్యత హక్కుపై 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తులు చివరికి ఆ మైనారిటీ తీర్పు వైపే మొగ్గారు.

సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన వి.ఆర్. కృష్ణయ్యర్ తీర్పుల్లో ముందుగా కనిపించేది జైల్లో ఉన్న పేదవాడు. మధ్యప్రదేశ్‌కు చెందిన తాపీమేస్త్రీ మోతీరామ్‌కు బెయిల్ ఇమ్మని సుప్రీంకోర్టు చెప్పినా, కింది కోర్టు పదివేల రూపాయల పూచీకత్తు అడిగింది. అన్నదమ్ముడు జామీనుకు వస్తే, అతని ఆస్తి వేరే జిల్లాలో ఉందని తిప్పి పంపింది. 1978 నాటి తీర్పులో కృష్ణయ్యర్ దీన్ని తూర్పారబట్టారు. బస్తర్‌లోనో పోర్ట్‌బ్లెయిర్‌లోనో అరెస్టయిన తెలుగువాడు, మలయాళీ అక్కడ ఆస్తిపరుణ్ణి ఎక్కడి నుంచి తెస్తాడన్న ప్రశ్న అందులోనిదే. తిహార్ జైలు ఖైదీ రాసిన ఉత్తరాన్నే హెబియస్ కార్పస్ (నిర్బంధంలో ఉన్న మనిషి తరఫున వేసే) పిటిషన్‌గా స్వీకరించిందీ ఆయనే.

ఆస్తి దగ్గరికి వచ్చేసరికి ఇద్దరి లోపాలూ బయటపడతాయి. సుబ్బారావు భారత ప్రధాన న్యాయమూర్తిగా 1967 ఫిబ్రవరిలో 6-5 మెజారిటీతో ఇచ్చిన గోలక్‌నాథ్ తీర్పు ప్రాథమిక హక్కులను హరించే సవరణ పార్లమెంటు చేయలేదని చెప్పింది. కేసు వేసింది జలంధర్‌లో 500 ఎకరాలకు పైగా ఉన్న కుటుంబం కనుక, ఆయన కట్టిన గోడ భూస్వామికి నీడనిచ్చిందన్న విమర్శ ఊరికే పుట్టలేదు. (తీర్పు ఇకముందుకే వర్తిస్తుందని ఆయన అనడం వల్ల ఆ కుటుంబానికి దక్కిందేమీ లేదన్నది వేరే సంగతి.) 1973లో కేశవానంద భారతి తీర్పు గోలక్‌నాథ్‌ను తోసిపుచ్చింది, కానీ సవరణాధికారానికి హద్దు ఉందన్న మూలభావం రాజ్యాంగ మూల లక్షణాలను సవరణతో చెరపలేరనే మౌలిక స్వరూప సిద్ధాంతం రూపంలో నిలిచింది. కృష్ణయ్యర్‌కు అంత అదృష్టం లేదు. 1977లో రంగనాథ రెడ్డి కేసులో విడిగా రాసిన తీర్పులో, రాజ్యాంగం 39(బి) అధికరణలోని సమాజ వనరుల కిందికి ప్రైవేటు ఆస్తి యావత్తూ వస్తుందన్న ఆయన విస్తృత భాష్యాన్ని 2024 నవంబరులో తొమ్మిదిమంది సభ్యుల ధర్మాసనంలో మెజారిటీ అంగీకరించలేదు. జస్టిస్ ధూలియా ఒక్కరే దాని పక్షాన నిలిచారు.

రాజకీయాల మరక ఇద్దరికీ ఉందంటారు. కృష్ణయ్యర్ 1957 కేరళ ప్రభుత్వంలో మంత్రిగా చేసి తర్వాత న్యాయమూర్తి అయ్యారు, 1987లో రాష్ట్రపతి పదవికి పోటీచేసి ఓడారు. సుబ్బారావు గోలక్‌నాథ్ తీర్పు చెప్పిన ఆరు వారాలకే రాజీనామా చేసి అదే రాష్ట్రపతి పదవికి ప్రతిపక్ష అభ్యర్థిగా నిలబడి జాకిర్ హుసేన్ చేతిలో ఓడారు. ప్రధాన న్యాయమూర్తి పదవి నుంచి నేరుగా ఆ అడుగు వేయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

అయినా ఒకరి దారినే ఎంచుకోవాలంటే నేను సుబ్బారావు వైపే ఉంటాను. ఆయన వాదన రాజ్యాంగంలోని మాటలను పట్టుకుని సాగుతుంది కాబట్టి, దాన్ని అమలుచేయడానికి గొప్ప మనసున్న న్యాయమూర్తే దొరకాలన్న నియమం లేదు. కృష్ణయ్యర్ పద్ధతికి ప్రతి కోర్టులోనూ ఒక కృష్ణయ్యర్ కావాలి. అలాగని బెయిల్ విషయంలో ఈ మొగ్గు చెల్లదు. ఖరక్ సింగ్ హక్కును గుర్తించిన మాట మెజారిటీ తీర్పుగా మారడానికి దాదాపు 55 ఏళ్లు పట్టింది. మోతీరామ్‌ను వెయ్యి రూపాయల సొంత పూచీ మీద వదిలిపెట్టమని కృష్ణయ్యర్ ఆ తీర్పులోనే రాసేశారు.