తెలుగు పనిలో కృత్రిమ మేధ: రెండున్నరేళ్ల వాడకం తర్వాత

2023 వేసవి నుంచి అనువాదం, ప్రూఫు దిద్దుబాటు పనుల్లో కృత్రిమ మేధ సహాయకులను దాదాపు రోజూ వాడుతున్నాను. ఈ రెండున్నరేళ్లలో మూడు కంపెనీలవి మార్చి చూశాను. చెప్పబోయే గుణదోషాలు హెచ్చుతగ్గులతో మూడింటికీ వర్తిస్తాయి గనుక ఏ ఒక్కదాని పేరూ ప్రస్తావించడం లేదు.

ఇంగ్లీషు మూలాన్ని అర్థం చేసుకోవడంలో దీని సాయం నిజంగా గొప్పది. బీమా పత్రంలో నాలుగైదు షరతులు ఒకదానిలో ఒకటి ఇరుక్కున్న వాక్యం ఎదురైనప్పుడు, ఏ షరతు దేనికి వర్తిస్తుందో విడదీసి చెప్పమంటే చెబుతుంది. నిఘంటువు ముందేసుకుని అరగంట కూర్చునే శ్రమ తప్పింది.

అది రాసే తెలుగుతోనే చిక్కు. 'పథకం ప్రభుత్వం చేత ప్రారంభించబడింది', 'గది రెండు కిటికీలను కలిగి ఉంది' వంటి ఇంగ్లీషు నడక వాక్యాల్లో ఒక్క ఒత్తూ తప్పదు, ఒక్క దీర్ఘమూ పోదు. అచ్చుతప్పులకు అలవాటుపడిన కన్ను వాటి మీదుగా జారిపోతుంది; మనిషి రాసిన ప్రతిని దిద్దడం కన్నా దీన్ని దిద్దడం కష్టం కావడానికి కారణం అదే. (ఈ 'బడు' జబ్బు యంత్రంతో పుట్టిందేమీ కాదు, మన ప్రభుత్వ ప్రకటనల్లో ఏనాటి నుంచో ఉన్నదే.)

ఒకసారి ఒక బడి సంచిక కోసం పొదుపు మీద వేమన పద్యం అడిగాను. మకుటంతో సహా ఇచ్చింది గాని, నా దగ్గరున్న సంకలనాల్లో ఎక్కడా కనిపించలేదు. ఆటవెలదిలో మొదటి, మూడో పాదాలకు మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు ఉండాలి. రెండు, నాలుగు పాదాలకు ఐదేసి సూర్యగణాలు. గణ విభజన చేసి చూస్తే నాలుగో పాదం ఒక్కటే సరిపోయింది, అది వేమనదే గనుక. నువ్వే విభజించమంటే గురువును లఘువంటూ, లేని గణాలను ఉన్నట్టు తడుముకోకుండా చూపించింది.

ఇందుకు ఒక కారణం దాని నిర్మాణంలోనే ఉంది. అది మనలాగా అక్షరాలను చూడదు. వచనాన్ని టోకెన్లనే ముక్కలుగా కోసుకుని చదువుతుంది, ఆ కోత మన గుణింతాలనూ ఒత్తులనూ పట్టించుకోదు. కంప్యూటర్లు అక్షరాలను భద్రపరిచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగులో ప్రతి అక్షర సంకేతానికీ మూడు కావాలి. ఎక్కువగా ఇంగ్లీషు పాఠాల మీద తయారైన కోత తెలుగును తునాతునకలు చేసేది. ఓపెన్‌ఏఐ 2024 మే నెలలో జీపీటీ-4ఓ అనే నమూనాను విడుదల చేస్తూ తానే చూపిన ఉదాహరణలో, అంతకుముందు 159 టోకెన్లు పట్టిన తెలుగు పాఠం 45కు తగ్గింది. ఆ తరం నమూనాలు వచ్చాక నేను వాడే వాటిలోనూ తెలుగు జవాబులు వేగంగా వస్తున్నాయి, పొడవాటి పత్రాలు మధ్యలో ఆగడం తగ్గింది. ఛందస్సు మాత్రం ఇప్పటికీ నమ్మదగినట్టు లేదు.

నాకు పని ఇచ్చే ఒక సంస్థ గత ఏడాది నుంచి యంత్రం చేసిన అనువాదాన్ని పంపి దిద్దిపెట్టమంటూ, మాటకు ఇచ్చే రేటును సగం చేసింది. ఆ వాక్యాలను సరిచేయడం కన్నా మూలం చూసి మొదటి నుంచి రాయడమే నాకు త్వరగా తెములుతోంది గనుక అలాగే రాసి, సగం రేటే తీసుకుంటున్నాను. సహాయకుడి నెలవారీ చందా కూడా ఆ డబ్బులోంచే కడుతున్నాను.