వికారాబాద్ గుట్టల నుంచి అరకు ఘాట్ దాకా: కొనేముందు తొక్కి చూసిన ఎంటీబీలు

ముప్పై, నలభై వేలు చేతిలో పెట్టుకుని ఎంటీబీ (కొండలు, మట్టిదారుల్లో తొక్కే మౌంటెన్ బైక్) కొందామని గేర్ సైకిళ్ల షాపుకి వెళ్తే, అక్కడి టెస్ట్ రైడ్ పార్కింగ్ స్థలంలో రెండు చక్కర్లతో అయిపోతుంది. సీటు ఎత్తు సరిపోయిందా, గేర్లు పడుతున్నాయా అన్నంతవరకే తెలుస్తుంది. ఎర్రమట్టి ఎక్కుడులో వెనక చక్రం జారుతుందా, ఘాట్ దిగేటప్పుడు వేళ్లు నొప్పెడతాయా అన్నది ఆ దారిలోనే తెలియాలి. అందుకే నేనూ మా బావమరిదీ కొనడం కొంతకాలం ఆపి, అద్దెకు దొరికిన సైకిళ్లు, తెలిసినవాళ్ల దగ్గర అడిగి తెచ్చుకున్నవి పట్టుకుని మేం నిజంగా తొక్కబోయే చోట్లకే వెళ్లాం. గంటల తరబడి నెమ్మదిగా ఎక్కడం నాకిష్టం. వాడు దిగడం కోసమే ఎక్కుతాడు, పైగా మనిషి 90 కిలోలు. ఇద్దరి బడ్జెట్టూ ఒకటే అయినా ఇద్దరికీ ఒకే సైకిల్ నప్పదని నాకు మొదట్నుంచీ అనిపిస్తూనే ఉంది.

హైదరాబాద్‌లో అందరూ ముందు వెళ్లేది ఔటర్ రింగ్ రోడ్ పక్కన సోలార్ కప్పు వేసిన సైకిల్ ట్రాకుకే. 2023లో తెరిచారు, 23 కిలోమీటర్లు. ఎండ తగలదు, లారీల భయం లేదు, పిల్లలతో వెళ్లినా నిశ్చింతగా ఉండొచ్చు. కానీ ఎంటీబీని పరీక్షించడానికి అది చోటు కాదు. నున్నటి దారి మీద లావు టైర్లు కాళ్లను పట్టి లాగుతాయి, ముందు షాకర్ల బరువు దండగ. మీ రైడింగ్‌లో ఎక్కువ భాగం ఇలాంటి దారుల మీదే అయితే, షాకర్లు లేని హైబ్రిడ్ సైకిల్ (రోడ్డు సైకిల్‌కీ ఎంటీబీకీ మధ్య రకం) తీసుకోండి. అదే డబ్బుకి తేలికైనదీ, మంచి గేర్లున్నదీ వస్తుంది. చూడ్డానికి ఎంటీబీ బాగుంటుందని కొనేవాళ్లే ఎక్కువ. ఆ అందానికి ప్రతి కిలోమీటరూ అదనపు బరువు మోయాలి.

అసలు పరీక్ష వికారాబాద్ పక్కనున్న అనంతగిరి గుట్టల్లో మొదలైంది. నగరం నుంచి 80 కిలోమీటర్ల లోపే. మూసీ పుట్టిన కొండలు, అనంత పద్మనాభస్వామి గుడి, చుట్టూ అడవి. నేల చాలావరకు ఎర్రటి గట్టి మట్టి, దాని మీద బఠాణీ గింజలంత కంకర. ఆ కంకర మీదే ఏ టైరు మంచిదో తేలిపోతుంది. అడవిలో దారులన్నీ సైకిళ్లకు తెరిచి ఉండవు. అటవీ సిబ్బందిని అడిగి, వాళ్లు సరేనన్న బాటల్లోనే తొక్కాలి.

గుట్ట మీద ఒక ప్రైవేటు క్యాంపులో సైకిళ్లు అద్దెకిస్తే తీసుకున్నాం. ముందూ వెనకా షాకర్లున్న చవక రకం, షాపుల్లో పదిహేను, ఇరవై వేలకు 'ఫుల్ సస్పెన్షన్' అని అమ్మేవి. పెడల్ మీద కాలు వేసిన ప్రతిసారీ వెనక స్ప్రింగు కిందికి దిగి పైకి లేస్తోంది. మన బలంలో కొంత ఆ స్ప్రింగే తినేస్తుంది. వెనక చట్రం కదిలే కీలు దగ్గర బుష్ అరిగి కటకటమంటోంది, సైకిల్ బరువేమో ఎత్తితే నడుము పట్టేసేంత ఉంది. క్యాంపువాళ్లు అద్దె ముందే తీసుకున్నారు. బ్రేకు సరిగా పట్టడం లేదంటే మాత్రం చూసే మనిషి లేడన్నారు. సైకిల్ అద్దెకిచ్చేవాడి దగ్గర ఒక పాన సెట్టు, ఒక పంపు, బ్రేకు బిగించడం తెలిసిన ఒక కుర్రాడు ఉండాలి. అవి లేనిచోట డబ్బు కట్టకండి.

నిజమైన ఫుల్ సస్పెన్షన్ మంచిదే, కానీ కొత్తది లక్ష దాటితే గానీ నమ్మకమైనది దొరకదు. ఆ లోపు బడ్జెట్‌లో వెనక గట్టి చట్రం, ముందు మాత్రమే షాకర్లున్న హార్డ్‌టెయిలే సరైనది. మర్నాడు స్నేహితుడి హార్డ్‌టెయిల్‌తో అదే దారి ఎక్కాం. మొదట కంకర మీద వెనక చక్రం గిర్రున తిరిగి జారింది. టైరు నొక్కి చూస్తే రాయిలా ఉంది, ఊళ్లో పంచర్ షాపువాడు 50 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా కొట్టేశాడు. గేజి పెట్టుకుని కొంచెం కొంచెంగా గాలి వదిలి 30కి తెచ్చాం. బొటనవేలితో గట్టిగా నొక్కితే కాస్త లోపలికి పోయేంత. అంతే, టైరు నేల మీద పరుచుకుని అదే ఎక్కుడులో పట్టు దొరికింది. బావమరిది బరువుకి 35 దాకా ఉంచాల్సి వచ్చింది, లేకపోతే రాయి తగిలినప్పుడు రిమ్ము ట్యూబును నొక్కి రెండు చిల్లులు పెడుతుంది. 2.2 అంగుళాల టైరూ, సరైన గాలీ ఉంటే, చవక షాకర్లతో రాని సుఖం వస్తుంది. ఇది రూపాయి ఖర్చులేని అప్‌గ్రేడ్.

బసల సంగతికొస్తే, అనంతగిరిలో పర్యాటక శాఖ హరిత రిసార్ట్ ఉంది. ప్రైవేటు క్యాంపులు, రిసార్టులు కూడా చాలానే వచ్చాయి. రైడర్లు ఎక్కడ దిగినా బుక్ చేసేముందు మూడు విషయాలు అడగాలి: సైకిల్ గదిలో పెట్టుకోనిస్తారా, కడుక్కోవడానికి బయట కుళాయి ఉందా, తెల్లారుజామున కనీసం టీ, అరటిపండ్లైనా దొరుకుతాయా. మేం దిగిన టెంట్ల చోట రాత్రంతా డీజే మోత, పొద్దున ఎనిమిదిన్నరకి టిఫిన్. సైకిల్ తొక్కేవాళ్లకి ఆ వేళ సగం రైడ్ అయిపోయి ఉండాలి. మళ్లీ వెళ్తే వికారాబాద్ ఊళ్లోనే మామూలు లాడ్జిలో దిగి, చీకటితో లేచి గుట్టెక్కుతాను.

అరకు దారి పూర్తిగా వేరే లెక్క. హైదరాబాద్ నుంచి సైకిళ్లు బస్సు డిక్కీలో వేసుకెళ్లాం. ముందు చక్రాలు విప్పి, పాత దుప్పట్లు చుట్టి, గేర్ వైపు పైకి వచ్చేలా పడుకోబెట్టాం. ట్రావెల్స్‌వాళ్లు ఫోన్లో ఒక రేటు చెప్పి, బస్సు దగ్గర రెట్టింపు అడిగారు. లగేజీ రేటు మెసేజ్‌లో రాయించుకోవడం మంచిది. రైల్లో అయితే పార్సిల్ ఆఫీసులో బుక్ చేసి రసీదు తీసుకోవచ్చు. కాస్త ముందుగా వెళ్లాలి, కానీ బేరం ఉండదు.

విశాఖ నుంచి అరకు 115 కిలోమీటర్లు, దాదాపు సగం దూరంలో శృంగవరపుకోట. ఊరంతా ఎస్.కోట అంటారు. అక్కడి దాకా ఆటోలో వచ్చి, ఘాట్ కింద నుంచి తొక్కడం మొదలుపెట్టాం. తారు దారే, కానీ మలుపు మీద మలుపు, మధ్యలో వానకి కొట్టుకుపోయిన గుంతలు. ఇక్కడ షాకర్లతో పనిలేదు, కావాల్సింది చిన్న గేరు.

గేర్ల విషయంలో షాపువాళ్లు చెప్పే '21 స్పీడ్', '24 స్పీడ్' లెక్క మనకి ఉపయోగపడదు. పెడళ్ల దగ్గర, అంటే ముందున్న అతిచిన్న పళ్లచక్రం మీది పళ్లను, వెనక అతిపెద్ద పళ్లచక్రం పళ్లతో భాగించండి. ఎంత తక్కువ వస్తే ఎక్కుడు అంత తేలిక. ముందు 24, వెనక 28 అయితే 0.86. ఘాట్‌లో మోకాళ్లు పట్టేస్తాయి. అదే 24కి వెనక 34 ఉంటే 0.71. ఇప్పుడు ఫ్యాషన్‌గా వస్తున్న ముందు ఒకే పళ్లచక్రం ఉన్న రకంలో 32కి 46 ఉంటే 0.70. అంటే ముందు మూడు పళ్లచక్రాలున్న పాత రకం, వెనక 34 పళ్లది ఉంటే చాలు, ఖరీదైనదానితో సమానంగా కొండెక్కుతుంది. ఈ లెక్క ఫోన్లో చేసి చూపిస్తే బావమరిది, "అయితే బావా, ఆ పదివేలు తేడా ఎందుకు పెట్టాలి?" అన్నాడు. ఎక్కడానికైతే అక్కర్లేదు. ఎగుడుదిగుడు దారిలో చైన్ ఊడకుండా ఉండటానికీ, ఒకే చేత్తో గేర్ మార్చుకోవడానికీ ఆ తేడా పనికొస్తుంది. తారు ఘాట్లు తొక్కేవాడు ఆ డబ్బు మిగుల్చుకోవచ్చు.

డముకు వ్యూ పాయింట్ దాటి కాఫీ తోటలు మొదలయ్యాక గాలి చల్లబడింది. ఈ ఘాట్‌లోనూ అనంతగిరి అనే ఊరుంది. పేరు వికారాబాద్ గుట్టదే అయినా, ఇక్కడ సిల్వర్ ఓక్ చెట్లకి పాకిన మిరియం తీగలు, వాటి నీడలో కాఫీ మొక్కలు. పర్యాటక శాఖ బస ఇక్కడా ఉంది, అరకులోనూ ఉంది. ఒకరోజులో అరకు దాకా వెళ్లాలని పట్టుపట్టకుండా అనంతగిరిలో ఆగడమే నా సలహా. ఎక్కుడులో కష్టమైన భాగం అప్పటికే అయిపోతుంది, పొద్దున పొగమంచులో తోటల మధ్య తొక్కడం కుదురుతుంది, అక్కడి నుంచి బొర్రా గుహలు దగ్గర. అరకులో గదులెక్కువ, తిండి రకాలెక్కువ, శీతాకాలం శని ఆదివారాల్లో జనం, కార్లు ఇంకా ఎక్కువ. ఆ రోజుల్లో ఘాట్ మీద సైకిల్ తొక్కడం టెన్షన్. మామూలు రోజుల్లోనే వెళ్లండి.

బొర్రా నుంచి కటికి జలపాతం వైపు వెళ్లే రాళ్లదారిలో జీపులు తిరుగుతాయి. ఎంటీబీకి అసలు పని ఇక్కడ. నా కిందున్నది స్ప్రింగు షాకరు, 100 మిల్లీమీటర్లు దిగేది. నా బరువుకి బాగానే పని చేసింది. బావమరిది దగ్గర అలాంటిదే ఉంటే ప్రతి రాయికీ అడుగుదాకా దిగి టక్కున కొట్టుకుంది. పైనున్న నాబ్ తిప్పితే స్ప్రింగు కాస్త ముందే నొక్కుకుంటుందే తప్ప గట్టిపడదు. గాలి షాకరైతే చిన్న పంపుతో మనిషి బరువుకి తగ్గట్టు గాలి పెట్టుకోవచ్చు. మనం ఎక్కి కూర్చుంటే, షాకరు మొత్తం దిగగల దూరంలో నాలుగో వంతు కిందికి దిగితే సరిగ్గా ఉన్నట్టు. బరువైన మనిషి, రాళ్లదారి ఇష్టపడే మనిషి డబ్బు పెట్టాల్సింది దీని మీద.

అంతకన్నా ముందు బ్రేకుల మీద. తిరుగు ప్రయాణంలో ఘాట్ దిగుతుంటే వైరుతో లాగే డిస్క్ బ్రేకులు మెల్లగా వదులయ్యాయి. ప్యాడ్లు అరిగేకొద్దీ లివరు హ్యాండిల్ దాకా వచ్చేస్తోంది. మెల్లగా, ఆగి ఆగి దిగాం. ఎస్.కోటలో ఒక మెకానిక్ చూసి, "ఏటండీ బాబూ, ఈ బ్రేకుల్తో ఘాట్ దిగీసేరేటి?" అన్నాడు. వైరు లాగి బిగిస్తాడేమో అనుకున్నాను. ఆయన చక్రాన్ని ఎండకి ఎదురుగా పెట్టి, డిస్కుకీ ప్యాడ్లకీ మధ్య సందు చూశాడు. ఈ రకంలో బయటి ప్యాడ్ ఒక్కటే కదులుతుంది, లోపలిది నిలబడి ఉంటుంది. ఆయన ఎలెన్ కీ పెట్టి ఆ లోపలి ప్యాడ్‌ని ఒక్కో క్లిక్కు ముందుకు జరిపాడు, చక్రం తిప్పి సన్నగా రాసుకునే చప్పుడు విని అర క్లిక్కు వెనక్కి తీశాడు. ఆ తర్వాతే వైరు ముట్టుకున్నాడు. లివరు సగంలోనే పట్టేసింది. టీ డబ్బుల కన్నా కాస్త ఎక్కువ తీసుకున్నాడంతే. పెద్ద షోరూముల్లో చూడని ఓపిక.

వైరుకి బదులు ఆయిల్ ఒత్తిడితో పట్టే ఆయిల్ బ్రేకులైతే ప్యాడ్లు అరిగినా అవే సర్దుకుంటాయి, ఒక్క వేలితో ఆపొచ్చు. కొండలు దిగేవాళ్లు, బరువున్నవాళ్లు ఇవి లేని సైకిల్ జోలికి వెళ్లకండి. ముందు డిస్కు 180 మిల్లీమీటర్లది దొరికితే ఇంకా మేలు, వేడి తట్టుకుంటుంది.

ఇంత తిరిగాక కొనుగోలు సులువైంది. 20 వేల లోపు అయితే షాకర్లు, డిస్కులు అని చూడకుండా తేలికైన అల్యూమినియం చట్రం, వెనక 34 పళ్లు, మంచి టైర్లు చూసుకోండి. ఊరి మట్టిరోడ్లకి, గండిపేట చుట్టుపక్కలకి అది చాలు. 30 నుంచి 45 వేల మధ్య ఆయిల్ బ్రేకులు, 8 లేదా 9 గేర్ల క్యాసెట్ (వెనక హబ్ మీద తొడిగే పళ్లచక్రాల గుత్తి) ఉన్నవి దొరుకుతాయి. క్యాసెట్ ఉందో, ఫ్రీవీల్ (హబ్‌కి మరతో బిగించే పాత రకం గుత్తి) ఉందో తప్పక అడగండి. ఫ్రీవీల్ రకంలో వెనక ఇరుసుకి కుడివైపు బేరింగు లోపలికి ఉండి ఆసరా తక్కువవుతుంది. రాళ్లదారిలో ఇరుసు వంగేది అక్కడే. 60 వేలు దాటితే గాలి షాకరు, ఇరుసు గట్టిగా పట్టే చట్రం, ట్యూబ్‌లెస్‌కి పనికొచ్చే రిమ్ములు చూడాలి. డౌన్‌హిల్ కోసమే చేసిన 200 మిల్లీమీటర్ల షాకర్ల సైకిళ్ల గురించి వీడియోలు చూసి ఆశపడేవాళ్లున్నారు. పైకి మోసుకెళ్లే రోప్‌వేగానీ జీపుగానీ లేకపోతే అవి తొక్కలేం. అలాంటి రైడింగ్ కోరిక ఉంటే మనాలి వైపు వెళ్లి అద్దెకు తీసుకోవడం తెలివైన పని.

2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పాత స్టాకుకి పాత రేటు చెప్తే బిల్లులో పన్ను ఎంత వేశారో చూడండి. మిగిలిన డబ్బు హెల్మెట్, గేజి ఉన్న పంపు, రెండు స్పేర్ ట్యూబులు, చైన్ ఆయిల్‌కి పోవాలి. బడ్జెట్ వేసుకునేటప్పుడే వీటికి నాలుగైదు వేలు పక్కన పెట్టుకోండి.

నేను ఆయిల్ బ్రేకులున్న, ముందు రెండు పళ్లచక్రాలున్న, 29 అంగుళాల చక్రాల హార్డ్‌టెయిల్ తీసుకున్నాను, స్ప్రింగు షాకరే. బావమరిది అదే డబ్బుతో గాలి షాకరున్న సెకండ్ హ్యాండ్ సైకిల్ వెతికాడు. చట్రం అతుకుల దగ్గర పగుళ్లున్నాయా, చైన్ అరుగుదల ఎంత, చట్రం అడుగున నంబరుకి బిల్లు ఉందా అన్నవన్నీ చూసుకుని, చివరికి మలుపు రోడ్డు మీద గట్టిగా బ్రేకు కొట్టి చూశాకే డబ్బిచ్చాడు. కొత్తది కొన్న నాకు షాపువాళ్లు నెల తర్వాత ఉచిత సర్వీసు అన్నారు. నేను మొదటి గుట్ట రైడ్ అయిన వెంటనే తీసుకెళ్లాను. కొత్త చక్రాల్లో స్పోకులు వదులయ్యేది ఆ మొదటి రైడ్లలోనే, అప్పుడు బిగిస్తే రిమ్ము వంకర పోదు.