ఒకే గొంతు, ఇద్దరు బ్యాట్‌మ్యాన్‌లు

1992లో మొదలైన టీవీ కార్టూన్‌లోనూ, 2009లో వచ్చిన ఆర్కమ్ అసైలమ్ గేమ్‌లోనూ బ్యాట్‌మ్యాన్‌కి గొంతు ఇచ్చింది కెవిన్ కాన్రాయే. రాసినవాళ్లలో పాల్ డీనీ కూడా రెండు చోట్లా ఉన్నాడు. అయినా ఈ ఇద్దరు బ్యాట్‌మ్యాన్‌ల స్వభావం వేరు, నా ఓటు మాత్రం టీవీ వాడికే.

వాడికి జాలి ఎక్కువ. బేబీ డాల్ ఎపిసోడ్ చివర్లో, ఒళ్లు ఎదగక చిన్నపిల్లలానే మిగిలిపోయిన ఆ నటి అద్దాల్లో తన ప్రతిబింబాన్ని తనే తుపాకీతో కాల్చి ఏడుస్తుంటే, మెల్లగా ఆమె చేతిలోంచి తుపాకీ తీసుకుని అక్కడే నిలబడతాడు, ఆమె వచ్చి అతని కాలిని పట్టుకుంటుంది, అంతే. పైగా ముసుగు లేకుండా, తన అసలు పేరు బ్రూస్ వేన్‌గా ఉన్నప్పుడు కాన్రాయ్ గొంతు తేలికవుతుంది, సరదాగా మాట్లాడతాడు.

గేమ్‌లో ఆ బ్రూస్ దాదాపు కనపడడు. ఆడేది మనం కదా, కొట్టడానికి ఎప్పుడూ ఎవడో ఒకడు ఎదురుగా ఉండాలి, ఇంక జాలికి టైమెక్కడిది? కొట్టుడు మాత్రం అదిరిపోతుంది, అది ఒప్పుకోవాలి. అదే సిరీస్‌లో 2015 నాటి ఆర్కమ్ నైట్ గేమ్‌కి వచ్చేసరికి మరీ ముదిరింది: పోలీస్ కమిషనర్ గోర్డన్ కూతురు కిడ్నాపైతే ఆ సంగతి అతనికి చెప్పకుండా దాచాడు, తన జతగాడు రాబిన్‌నే సెల్‌లో పెట్టి తాళం వేశాడు. నాకైతే అక్కడ కంట్రోలర్ పక్కన పడేయాలనిపించింది.