గల్ఫ్ దేశాలతో గట్టిగా మాట్లాడాలా, మెత్తగానా: మనవాళ్లకు ఏది మేలు?

జగిత్యాల, సిరిసిల్ల, ఆర్మూరు వైపు నుంచి నాకు తరచూ వచ్చే ప్రశ్న ఒకటే. శంషాబాద్‌లో శవపేటిక దిగిన ప్రతిసారీ, జీతాలు రాక క్యాంపులో చిక్కుకున్నవాళ్ల వీడియో వాట్సాప్‌లో తిరిగిన ప్రతిసారీ అడుగుతారు: "ఇంత పెద్ద ప్రజాస్వామ్య దేశం, ఆ దేశాలను ఎందుకు నిలదీయదు?" దీనికి ఎదురు వాదన కూడా అదే ఊళ్ల నుంచి వస్తుంది. "గట్టిగా మాట్లాడితే వీసాలు బంద్ చేస్తారు, ఉన్న ఉపాధీ పోతది." రెండు మాటల్లోనూ నిజముంది.

ముందు మెత్తటి దారి. మన దేశం చాలావరకు పట్టుకున్నది ఇదే: తలుపులు మూసుకుని మాట్లాడటం, బయట ఒక్క మాట అనకపోవడం. ఇది పనిచేయదని అనలేం. 2023 అక్టోబరులో ఖతార్ కోర్టు మన నౌకాదళ మాజీ సిబ్బంది ఎనిమిది మందికి మరణశిక్ష వేసింది. ఢిల్లీ ఖతార్ మీద విరుచుకుపడలేదు. డిసెంబరులో శిక్ష తగ్గింది, 2024 ఫిబ్రవరిలో ఎనిమిది మందీ విడుదలయ్యారు. ప్రాణం మీదికి వచ్చిన కేసులో, క్షమాభిక్ష పాలకుడి చేతిలో ఉన్నప్పుడు, ఆయన పరువు నిలుపుతూ అడగడమే తెలివి. అక్కడ నేను మెత్తటి దారి వైపే ఉంటాను.

కానీ ఈ దారిలో మనిషి ఇంటికి వస్తాడు, రూలు మాత్రం అక్కడే ఉంటుంది. తర్వాత పోయినవాడి పాస్‌పోర్టు కూడా కఫీల్ (వీసా ఇచ్చిన అక్కడి యజమాని) బీరువాలోకే పోతుంది. జీతం ఆపినా వేరే కంపెనీకి మారడం కష్టం. పారిపోతే ఖల్లివల్లి (కాగితాల్లేని మనిషి), దొరికితే జైలు, లేకపోతే ఇంటికి రావడానికి రాయబార కార్యాలయం ఇచ్చే ఔట్‌పాస్ కోసం ఎదురుచూపు. ఎనిమిది మంది కోసం పెట్టినంత శ్రద్ధ లక్షల మంది మీద విడివిడిగా పెట్టడం ఏ రాయబార కార్యాలయానికీ సాధ్యం కాదు.

గట్టి దారికి ఫిలిప్పీన్స్ మంచి ఉదాహరణ. 2018 ఫిబ్రవరిలో కువైట్‌లో ఒక ఫిలిప్పీన్స్ పనిమనిషి శవం ఫ్రీజర్‌లో దొరికింది. అధ్యక్షుడు డుటెర్టే బహిరంగంగానే కువైట్‌ను తప్పుపట్టి, తమవాళ్లను అక్కడికి పంపడం ఆపేశాడు. గొడవ ముదిరి ఏప్రిల్‌లో కువైట్ ఫిలిప్పీన్స్ రాయబారినే వెళ్లగొట్టింది. అయినా మేలో రెండు దేశాలూ ఒప్పందం మీద సంతకం చేశాయి: యజమాని పాస్‌పోర్టు ఉంచుకోకూడదు, ఫోన్ లాక్కోకూడదు, వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి. మన ఊరి నుంచి ఇంటి పనికి పోయిన ఆడబిడ్డ చేతిలో ఫోన్ ఉండటం అంటే ఏమిటో, నెలల తరబడి ఆ ఫోన్ కోసం కాచుకున్న తల్లినడిగితే చెప్తుంది. అయితే దీంతో అంతా బాగుపడిందని కాదు. 2019 చివర్లో మరో హత్య జరిగి, 2020లో మళ్లీ నిషేధం పెట్టాల్సి వచ్చింది. 2023లో కువైటే వాళ్లకు కొత్త వీసాలు ఆపింది. ఖర్చు ఉన్న దారే.

ఒక్క దేశమే అరిస్తే ఆ దేశాన్ని పక్కన పెట్టి ఇంకొకరిని తెచ్చుకుంటారు. ఖతార్ మీద మాత్రం అంతర్జాతీయ కార్మిక సంస్థలో 2014లో కార్మిక ప్రతినిధులు కలిసి ఫిర్యాదు చేశారు. అక్కడ జరగాల్సిన 2022 ఫుట్‌బాల్ ప్రపంచకప్ వల్ల లోకం కళ్లు కూడా అటే ఉన్నాయి. 2020లో కఫీల్ ఎన్‌ఓసీ (అనుమతి పత్రం) లేకుండా ఉద్యోగం మారే వీలు వచ్చింది. 2021 మార్చి నుంచి ఏ దేశంవాళ్లకైనా నెలకు కనీసం 1,000 రియాళ్ల జీతం చట్టమైంది. అమలులో లోపాలున్నాయి, నిజమే. అయినా అడగడానికి చేతిలో ఒక చట్టమంటూ ఉంది.

ఇప్పుడు నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతికి వస్తాను. ఎదుటి దేశాన్ని ఏ గొంతుతో అడగాలన్నది తర్వాత, మనం సంతకం పెట్టే కాగితంలో మనవాడి విలువ ఎంతని రాస్తున్నామన్నది ముందు. వలస క్లియరెన్స్ తప్పనిసరైన ఈసీఆర్ పాస్‌పోర్టుతో పోయేవాళ్లకు ఇంతకన్నా తక్కువ జీతమైతే క్లియరెన్స్ ఇవ్వమని మన కేంద్రం ఒక గీత పెడుతుంది. దాన్నే మినిమం రెఫరల్ వేజ్ అంటారు. 2020 సెప్టెంబరులో, కరోనా కాలంలో ఉద్యోగాలు పోకూడదన్న కారణం చెప్పి, దాన్ని 30 నుంచి 50 శాతం దాకా తగ్గించారు. ఖతార్‌కు 200 డాలర్లు, అంటే దాదాపు 15 వేల రూపాయలు. ఆరు నెలలు తిరిగేసరికి ఖతార్ తన చట్టంలో పెట్టుకున్న 1,000 రియాళ్లు దాదాపు 275 డాలర్లు. మన మనిషికి మనం కట్టిన వెల, వాళ్లు కట్టినదానికన్నా తక్కువ! ఇక ఏ ముఖం పెట్టుకుని హక్కుల గురించి అడుగుతాం?

ఆ ఉత్తర్వుల మీద గల్ఫ్ కార్మిక సంఘాలు ఊరుకోలేదు. కేసు తెలంగాణ హైకోర్టు దాకా వెళ్లింది, 2021 జులైలో కేంద్రం తగ్గింపును వెనక్కి తీసుకుంది. విదేశాంగ విధానం ఢిల్లీ పెద్దల వ్యవహారమనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఏ గల్ఫ్ పాలకుడినీ నొప్పించకుండా, ఒక్క వీసా పోకుండా దిద్దగలిగిన అన్యాయం అది. మన సొంత ప్రభుత్వాన్ని కోర్టుకు లాగగలిగాం కాబట్టే అది కుదిరింది.

ఇక మొత్తానికి పంపడం ఆపేయాలన్న వాదన. ముప్ఫై ఏళ్లలోపు ఆడవాళ్లను ఇంటి పనికి పంపకుండా మన దగ్గర రూలు ఉంది. ఏజెంట్లు విజిట్ వీసా మీద పంపుతూనే ఉన్నారు, అలా పోయినవాళ్లకు ఏ రికార్డూ ఉండదు. ఐక్యరాజ్యసమితిలో తీర్మానాలు, ఓట్లు కూడా కొందరు అడుగుతారు. క్యాంపులో ఉన్నవాడికి వాటితో వెంటనే ఒరిగేదేమీ లేదు.

ఉరి, జైలు కేసులకు మెత్తటి మాట, జీతం, పాస్‌పోర్టు, ఫిర్యాదు హక్కులకు నలుగురి ముందు రాతలో అడిగే మాట. నా ఓటు దీనికి. "గ్యాస్ వాళ్ల దగ్గర కొంటున్నాం, ఎట్లా అడుగుతాం?" అంటారు. 2028 నుంచి ఇరవై ఏళ్లపాటు ఏటా 75 లక్షల టన్నులు కొంటామని ఖతార్‌తో 2024లో ఒప్పందం రాసుకున్నాం. అంత కొనేవాడి మాటకు విలువ ఉండదా? ఇంటి పనివాళ్ల కోసం సౌదీతో 2014లో, కువైట్‌తో 2021లో ఒప్పందాలు చేసుకున్న దేశమే మనది. మా కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి పోయేవాళ్లలో ఎక్కువమంది కంపెనీ వీసాల మీద కట్టడాల్లో, క్లీనింగ్‌లో చేరతారు. వాళ్లకూ అట్లాంటి ఒప్పందం కావాలని, రెఫరల్ వేజ్ ఆ దేశపు చట్టం కన్నా ఎన్నడూ తగ్గకూడదని మన ఎంపీలను అడగండి, సభల్లోనే అడగండి.