నాన్నతో ఆఖరి ప్రయాణం: భీమిలి, బావికొండ

నాన్న అస్థికలు గోస్తనిలోనే కలపాలని అమ్మ పట్టుబట్టింది. ఆయన ఈత నేర్చుకున్న నది అది. పోయిన నెల అమ్మా, తమ్ముడూ, నేనూ విశాఖ వెళ్లాం.

ఋషికొండ దగ్గర బుక్ చేసుకున్న గదిలోకి ముంత తేవద్దన్నారు. "మిగతా గెస్టులు ఇబ్బంది పడతారండీ" అని. అస్థికలు గడప దాటించకపోవడం మనలోనూ ఉన్నదే, గొడవ పడలేదు. కానీ ఆ చెప్పిన తీరుకి అమ్మ మొహం చిన్నబోయింది. గది శుభ్రంగా ఉంది, బాల్కనీలోంచి సముద్రం కనిపిస్తుంది. అయినా మళ్లీ వెళ్లను. మా కారు డ్రైవర్ మాత్రం "నా బండిలో ఉంచండమ్మా, మా నాన్ననీ ఇలాగే తీసుకెళ్లాను" అంటూ ముంత కదలకుండా తువ్వాలు చుట్టి ముందు సీట్లో పెట్టాడు.

భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసే చోట ఎండెక్కకముందే కార్యక్రమం అయిపోయింది. పంతులుగారు అనుకున్న దక్షిణ కంటే రూపాయి ఎక్కువ అడగలేదు, మంత్రాలకి అర్థం కూడా చెప్పారు. ముంత వదిలితే వెంటనే మునగలేదు. అల దాన్ని వెనక్కి తెచ్చి తమ్ముడి కాళ్లకి తగిలించింది. వాడు అప్పటిదాకా ఏడవలేదు.

ఊళ్లో డచ్చివాళ్ల పాత సమాధులు చూసి, తిరుగుదారిలో బావికొండ ఎక్కాం. మంచినీళ్లు వెంట తీసుకెళ్లండి. వాననీళ్లు నిలవచేసుకున్న బావుల వల్లే ఆ పేరు. 2,000 ఏళ్లు దాటిన బౌద్ధారామం. తవ్వకాల్లో ధాతు కరండాలు, అంటే అస్థికలు దాచిన భరిణెలు దొరికాయి, అందులో ఓ ఎముక ముక్క బుద్ధుడిదేనని నమ్ముతారు. స్తూపానికి దగ్గర్లోనే భిక్షువుల గదుల వరసలు. పోయినవాళ్ల ధాతువుల పక్కనే బతికారన్నమాట.

అమ్మ ఓ ఇటుక గోడ మీద కూర్చుని, "వీళ్లకి భయం వెయ్యలేదేమిట్రా?" అంది. మనకి మాత్రం ఎప్పుడుంది? సంక్రాంతికి పెద్దలకి కొత్తబట్టలు పెట్టి, విస్తరి వేసి, పేరుపేరునా తలుచుకునేవాళ్లమే కదా. అలాంటిది, నాన్న పోయినరోజు మా అపార్ట్‌మెంట్‌లో పిల్లల్నెవరినీ మా అంతస్తుకి రానివ్వలేదు. నేనూ అంతే, నా కూతురికి "తాతయ్య ఊరెళ్లాడు" అని చెప్పాను. అది తప్పు.

దగ్గర్లోనే ఉన్న మరో బౌద్ధారామం తొట్లకొండ కూడా బాగుంటుంది గానీ అక్కడ సందడెక్కువ. కాసేపు ఊరికే కూర్చోవాలంటే బావికొండే నయం.

అక్కణ్నుంచే పాపకి ఫోన్ చేసి, తాతయ్యని ఎక్కడ వదిలామో చెప్పాను. "నీళ్లు చల్లగా ఉన్నాయా నాన్నా?" అని అడిగింది.