యూ స్ట్రీట్‌లో బెన్స్ చిల్లీ బౌల్: వస్తే కౌంటర్ దగ్గరే కూర్చోండి

వాషింగ్టన్ డీసీ చూడ్డానికి వచ్చేవాళ్లు మ్యూజియాలు తిరిగి వెళ్లిపోతుంటారు. ఒక పూట గ్రీన్ లైన్ మెట్రో ఎక్కి యూ స్ట్రీట్‌లో దిగండి, 13వ వీధి వైపు బయటికొస్తే ఎదురుగానే బెన్స్ చిల్లీ బౌల్ అనే పాత హోటల్.

ఇక్కడ తినాల్సింది హాఫ్-స్మోక్. పొగబెట్టిన సాసేజ్, మామూలు హాట్‌డాగ్ కంటే లావు, కొరికితే పైతోలు టప్పున తెగుతుంది, దాని మీద మస్టర్డ్, ఉల్లిపాయ ముక్కలు, చిక్కటి చిల్లీ సాస్ (మాంసం, మిరపకారంతో వండిన కూరలాంటిది). పంది, గొడ్డు మాంసం కలుస్తాయి కాబట్టి తిననివాళ్లు వెజ్జీ చిల్లీ తీసుకోండి, అదీ బాగుంటుంది.

నేను ఐదు స్టార్లు ఇస్తున్నది తిండి ఒక్కదానికే కాదు. 1958లో బెన్ అలీ, వర్జీనియా అలీ కలిసి దీన్ని తెరిచేనాటికి ఈ వీధికి బ్లాక్ బ్రాడ్‌వే అని పేరు, నల్లజాతీయుల థియేటర్లు, జాజ్ క్లబ్బులు, వ్యాపారాలు అన్నీ ఇక్కడే. 1968లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య తర్వాతి అల్లర్లలో వీధి తగలబడుతుంటే, కర్ఫ్యూలో కూడా ఇది తెరిచే ఉంది. ఆ తర్వాత మెట్రో కోసం ముందున్న రోడ్డు తవ్వి ఏళ్ల తరబడి అలాగే ఉంచారు. 1991లో స్టేషన్ వచ్చింది, మెల్లగా అద్దాల అపార్ట్‌మెంట్లు లేచాయి, అద్దెలూ లేచాయి. ఆ దుమ్మూ ధూళీ అంతా భరించినవాళ్లే వీధి బాగుపడ్డాక అద్దె కట్టలేక వెళ్లిపోవాల్సి వచ్చింది, నాకు మింగుడుపడనిది ఇదే. 1970లో నగర జనాభాలో నల్లజాతీయులు 71 శాతం, 2020కి దాదాపు 41. పక్కనే షా ప్రాంతంలో ఒక ఫోన్ల షాపు ఏళ్లుగా బయట స్పీకర్లో గో-గో పాటలు (ఈ నగరపు నల్లజాతీయుల్లోనే పుట్టిన సంగీతం) పెట్టేది, 2019లో ఎవరో గోల అని ఫిర్యాదు చేస్తే ఆపేయాల్సి వచ్చింది, జనం వీధిలోకొచ్చి గొడవ చేశాకే మళ్లీ మోగింది.

మొన్న నా పక్క స్టూల్ మీద కూర్చున్న పెద్దాయన ఇప్పుడు పక్క రాష్ట్రం మేరీల్యాండ్‌లో ఉంటున్నారట, పుట్టి పెరిగిన ఇల్లు మాత్రం ఇక్కడికి రెండు వీధుల అవతలే. నువ్వెక్కడుంటావని అడిగితే, నేనుండే కొత్త బిల్డింగ్ పేరు చెప్పాను. ఆయన కాసేపు ఆగి, అక్కడ అంతకుముందు ఏముండేదో, ఎవరెవరు ఉండేవాళ్లో వరసగా చెప్పారు. మూడేళ్లుగా అక్కడే ఉంటున్నా నాకు అందులో ఒక్క పేరు కూడా తెలియదు.

అందుకే పార్సిల్ కట్టించుకుని వెళ్లిపోకండి, స్టూల్ ఖాళీ అయ్యేదాకా ఆగండి.